ఇద్దరు సైదులు

మా మేళ్లచెరువులో ఏ బజారులో నిలబడి "సైదులూ" అని కేకేసినా ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి చూస్తారు. మా ఊరే కాదు, కోదాడ, హుజూర్‌నగర్, నేరేడుచర్ల, మిర్యాలగూడ, ఈ దక్షిణపు అంచు అంతా ఇంతే. సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి, సైదానాయక్. ఇవన్నీ జాన్‌పహాడ్ దర్గా ఇచ్చిన పేర్లు. పిల్లలు పుట్టనివాళ్ళు, పుట్టినా దక్కనివాళ్ళు సైదన్నకు మొక్కుకుంటారు. బిడ్డ దక్కితే ఆ పేరు పెట్టుకుంటారు. జనవరిలో ఉర్సుకు పోయి కందూరు చేస్తారు. పోయేవాళ్ళలో రెడ్లుంటారు, గొల్లలుంటారు, మాదిగలుంటారు, లంబాడీలుంటారు. మేమూ ఉంటాం. శివరాత్రికి మా ఊరి శంభులింగేశ్వరస్వామి జాతర. ఎడ్ల పందేలు చూడటానికి కృష్ణ అవతలి నుంచి కూడా జనం వస్తారు. ఆ జాతరలో మా వాళ్ళు గాజులమ్ముతారు, బొమ్మలమ్ముతారు. మా పిల్లలకూ ఏడాదికి ఒకసారి రంగులరాట్నం ఎక్కేది అక్కడే.

ఇదంతా చెప్పి గంగా జమునా తెహజీబ్ పాట ఎత్తుకుంటామని భయపడకండి. ఆ పాట చాలా సభల్లో విన్నాం, చప్పట్లు కొట్టాం, ఆఖరి బస్సు పట్టుకుని ఇళ్ళకొచ్చాం. మా ప్రశ్న వేరే ఉంది. దర్గా దగ్గర ఒకటైన ఈ పేరు ఠాణా దగ్గరికొచ్చేసరికి రెండెందుకవుతోంది?

2015 ఏప్రిల్ మొదటి వారం. మా కుర్రాళ్ళిద్దరు ఒకే మోటారు సైకిలు మీద పనికి పోతున్నారు. ఇద్దరూ సైదులే. ఒకడిది గొల్ల ఇల్లు, ఇంకొకడిది దూదేకుల ఇల్లు. దారిలో తనిఖీ. పేరడిగితే "సైదులు" అన్నాడు ఒకడు. "సైదులే సార్" అన్నాడు రెండోవాడు. అడిగినాయన కూడా నవ్వాడట. తర్వాత ఇంటిపేర్లడిగారు. మొదటివాడు చెప్పినదానికి తలూపారు. రెండోవాడు "షేక్" అన్నాడు. నవ్వు అక్కడితో ఆగిపోయింది. ఫోను తీసుకున్నారు. ఒక ఠాణాకు తీసుకుపోయి బల్ల మీద కూర్చోబెట్టారు. నమాజు ఎన్ని పూటలు చేస్తావు, హైదరాబాదులో నీకెవరున్నారు, గల్ఫు నుంచి డబ్బులెవరు పంపుతారు. రంజానుకీ బక్రీదుకీ తప్ప ఈద్గా గడప తొక్కని పిల్లవాడు, గల్ఫును సినిమాలో తప్ప చూడనివాడు ఏం చెప్తాడు? పొద్దుగూకాక వదిలేశారు. దెబ్బ పడలేదు, కేసు కాలేదు. అందుకే ఇది ఏ పత్రికలోనూ రాలేదు. మొదటి సైదులు ఆ పూటంతా ఠాణా బయట చెట్టు కింద కూర్చుని ఉన్నాడు.

ఆ వారం ఎట్లాంటిదో మాకు తెలియక కాదు. ఏప్రిల్ 1 అర్ధరాత్రి దాటాక సూర్యాపేట బస్టాండులో తనిఖీ చేస్తున్న పోలీసుల మీద ఇద్దరు కాల్పులు జరిపారు. ఒక కానిస్టేబులు, ఒక హోంగార్డు చనిపోయారు. ఏప్రిల్ 4న మోత్కూరు మండలం జానకీపురం దగ్గర ఎదురుకాల్పులు. కాల్పులు జరిపిన ఇద్దరూ అక్కడ చనిపోయారు, ఒక కానిస్టేబులూ చనిపోయాడు. గాయపడిన ఎస్సై ఏప్రిల్ 7న ఆసుపత్రిలో కన్నుమూశాడు. ఆ కానిస్టేబుళ్ళు, ఆ హోంగార్డు మా పల్లెల్లాంటి పల్లెల నుంచి ఉద్యోగాలకు పోయినవాళ్ళే. హోంగార్డు జీతం ఎంతో, అతని ఇల్లు ఎట్లా గడుస్తుందో మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. వాళ్ళ కోసం మేం బాధపడ్డాం. ఈ మాట రాయకపోతే మమ్మల్ని నమ్మరని మాకు తెలుసు. ప్రతిసారీ ముందు ఈ మాట చెప్పాకే మా మాట మొదలుపెట్టాల్సి రావడం కూడా మాకు పడిన శిక్షల్లో ఒకటి.

అదే ఏప్రిల్ 7 పొద్దున వరంగల్ జైలు నుంచి ఐదుగురు విచారణ ఖైదీలను హైదరాబాదు కోర్టుకు తీసుకొస్తున్నారు. ఐదుగురూ ముస్లింలు. వ్యాను అప్పటి మా నల్లగొండ జిల్లాలోని ఆలేరు దగ్గరికొచ్చాక, ఐదుగురినీ వ్యానులోనే కాల్చి చంపారు. వెంట ఉన్న పోలీసులు 17 మంది. ఖైదీల్లో ఒకడు మూత్రానికని వ్యాను ఆపించి, ఆయుధం లాక్కోబోయాడని పోలీసులు చెప్పారు. మర్నాడు పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. సీట్లలో కూర్చున్నట్టే ఒరిగిపోయిన శవాలు, చేతులకు బేడీలు. బేడీలున్న చేయి ఎంత దూరం పోతుందో, 17 మంది ఐదుగురిని చంపకుండా ఆపలేకపోవడం ఎట్లా సాధ్యమో చెప్పడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందం వేసింది. ఏళ్ళు గడిచాయి. ఒక్కరికీ శిక్ష పడలేదు.

అప్పుడు మా మిత్రులు కొందరు మమ్మల్నడిగారు. టెర్రరిస్టుల కోసం మీరెందుకు ఏడుస్తారు, అని. మంచివాళ్ళే అడిగారు. బాబ్రీ మసీదు కూల్చినప్పుడు మాతో పాటు ఊరేగింపులో నడిచినవాళ్ళే అడిగారు. వాళ్ళకు మా జవాబు ఇది. ఆ ఐదుగురు నిర్దోషులని మేం సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. దోషులో కాదో చెప్పే పని మాది కాదు, మీదీ కాదు, ఆ వ్యానులో ఉన్న 17 మందిదీ కాదు. ఆ పని కోసం దేశం ఒక కోర్టు కట్టింది, జడ్జీకి జీతమిచ్చింది, సాక్షులకు సమన్లు పంపింది. వాళ్ళ మీద విచారణ చివరిదాకా వచ్చింది. ఆ తీర్పును దారిలో కాల్చేశారు. వాళ్ళ మీద ఉన్న నేరారోపణల్లో పోలీసుల హత్యలు కూడా ఉన్నాయి. ఆ హతుల భార్యలకూ పిల్లలకూ కూడా తీర్పు వినే హక్కు ఉండింది. అది వాళ్ళకూ దక్కకుండా పోయింది. వాళ్ళు నిజంగా హంతకులైతే ఆ సంగతి కోర్టులో రుజువయ్యేది. కాకపోతే అసలు హంతకులెవరని వెతకాల్సి వచ్చేది. ఇప్పుడు రెండూ లేవు.

చట్టం ఏం చెప్పాలో తెలియక ఇది జరగలేదు. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ లాంటి వాళ్ళు ఈ గడ్డ మీద నలభై ఏళ్ళు కోర్టుల మెట్లరిగేలా తిరిగి అడిగిన ప్రశ్న ఇదే. పోలీసు చేతిలో మనిషి చస్తే దాన్ని హత్య కేసుగా నమోదు చేయండి, ఆత్మరక్షణ అయితే కోర్టులో రుజువు చేసుకోనివ్వండి. 1996 నవంబరులో జాతీయ మానవ హక్కుల కమిషన్ ఆంధ్రప్రదేశ్ ఎన్‌కౌంటర్ల మీదే ఆ సూత్రం చెప్పింది. 2009 ఫిబ్రవరి 6న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం అదే మాట తీర్పుగా రాసింది. కొద్ది వారాలకే సుప్రీంకోర్టు ఆ తీర్పు అమలును ఆపింది. 2014 సెప్టెంబర్ 23న అదే సుప్రీంకోర్టు ఇంకొక కేసులో ఎన్‌కౌంటర్ చావుల దర్యాప్తుకు 16 నిబంధనలు పెట్టింది. ఆ నిబంధనలకు ఏడు నెలలు నిండకముందే ఆలేరు జరిగింది. కాగితం మీది నిబంధన వరంగల్ రోడ్డు దాకా రావడానికి ఇంకా ఎన్ని నెలలు పడుతుంది?

ఆలేరును అందరూ చూశారు. చంపకుండా చేసే పని మాత్రం కనపడదు. దానికి మక్కా మసీదు కేసే సాక్ష్యం. 2007 మే 18, శుక్రవారం. నమాజుకు వచ్చినవాళ్ళ మధ్య బాంబు పేలి 9 మంది చనిపోయారు. ఆ తర్వాత బయట పోలీసుల కాల్పుల్లో 5 మంది. చచ్చినవాళ్ళు మేము, కాల్పుల్లో పోయినవాళ్ళు మేము, పట్టుకుపోయిందీ మా పిల్లల్నే. అదే ఏడు ఆగస్టు 25న లుంబినీ పార్కులో, గోకుల్ చాట్‌లో పేలుళ్ళు జరిగాక ఆ వేట ఇంకా పెరిగింది. డాక్టరీ చదివేవాడు, ఆటో నడిపేవాడు, నగల దుకాణంలో పనిచేసేవాడు. ఊరి బయట తోట ఇళ్ళలో పెట్టి కరెంటు షాకులిచ్చారని వాళ్ళు చెప్పారు. రాష్ట్ర మైనారిటీల కమిషన్ పంపిన న్యాయవాది ఎల్. రవిచందర్ చర్లపల్లి జైలుకు పోయి వాళ్ళను చూసి, వాళ్ళ ఒంటి మీద హింస గుర్తులున్నాయని నివేదిక ఇచ్చారు. కోర్టులు వాళ్ళను నిర్దోషులని వదిలాయి.

ఆ రోజుల్లో మా ఊరి నుంచి హైదరాబాదుకు వెల్డింగు పనికో టైలరింగుకో పోయిన పిల్లలకు ఇళ్ళ నుంచి రోజూ ఫోన్లు. ఇంటికి వచ్చెయ్ బేటా, పని పోతే పోయింది. అద్దె గది కోసం తిరిగితే అన్నీ బాగానే మాట్లాడి, పేరడిగాక "మా వాళ్ళెవరో వస్తున్నారు" అనేవాళ్ళు. గడ్డం ఉన్నవాడు గీసుకున్నాడు. టోపీ ఉన్నవాడు జేబులో పెట్టుకున్నాడు. మసీదులో మాత్రం బయటికి తీశాడు. భయపడేవాడి వేషం మార్చుకోవడం చూసి, చూశారా ఏదో దాస్తున్నారు, అన్నారు.

తర్వాత ఒక వింత జరిగింది. ప్రభుత్వం తప్పు ఒప్పుకున్నట్టే కనిపించింది. 70 మందికి నష్టపరిహారం ప్రకటించింది. జైలుకు పోయి నిర్దోషులుగా బయటపడిన 20 మందికి 3 లక్షల చొప్పున, పట్టుకుపోయి వదిలేసిన 50 మందికి 20 వేల చొప్పున. మంచి నడవడి గలవాళ్ళని సర్టిఫికెట్లు కూడా ఇచ్చింది. మనిషి మంచివాడని ప్రభుత్వం ముద్ర వేసి కాగితం ఇవ్వాల్సి వచ్చిందంటే ఆ మనిషి బతుకు ఎక్కడికి వచ్చిందో ఆలోచించండి. 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ పరిహారాన్ని కొట్టేసింది. నిర్దోషిగా విడుదలైన ప్రతివాడికీ పరిహారం ఇవ్వాలని చట్టంలో లేదు కదా, అన్నది తర్కం. తర్కం సరిగ్గానే ఉంది. చట్టంలో లేదు. మేం అడుగుతున్నదీ అదే, ఎందుకు లేదని.

దర్యాప్తు సీబీఐకి, ఆ తర్వాత జాతీయ దర్యాప్తు సంస్థకు పోయాక నేరారోపణ హిందుత్వ సంస్థల మనుషుల మీదికి మళ్ళింది. 2018 ఏప్రిల్ 16న ప్రత్యేక కోర్టు విచారణ ఎదుర్కొన్న ఐదుగురినీ నిర్దోషులని వదిలింది. ఇక్కడ కూడా మా మాట తూకం తప్పదు. రుజువు లేకపోతే వాళ్ళనూ శిక్షించమని మేం అడగం. మా పిల్లలకు ఏ సూత్రం కావాలన్నామో అదే సూత్రం అసీమానందకూ వర్తిస్తుంది. కానీ రెండు కేసులూ నడిపిన తీరు ఒకటేనా? ఒకచోట హింసపెట్టి ఒప్పుకోలు రాయించారు. ఇంకొకచోట సాక్షులు ఒకరి తర్వాత ఒకరు మాట మార్చినా దర్యాప్తు సంస్థకు చీమ కుట్టినట్టు లేదు. చివరికి మిగిలిన లెక్క ఏమిటి? మసీదులో, మసీదు బయట 14 మంది చనిపోయారు. వాళ్ళను చంపినవాళ్ళెవరూ లేరు.

ఇది ఒక్క ప్రభుత్వం తప్పనీ, ఒక్క పార్టీ తప్పనీ చెప్పి చేతులు దులుపుకోవడం తేలిక. 1978 మార్చిలో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. అడిగిన ఆమె భర్త, రిక్షా తొక్కే అహమద్ హుస్సేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. హైకోర్టు జడ్జి జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులు దోషులని తేల్చింది. కేసు రాష్ట్రం దాటి రాయచూరు కోర్టుకు పోయింది. 1981లో పోలీసులు నిర్దోషులుగా బయటికి వచ్చారు. ఆ మధ్య కాలమంతా విచారణ ఎవరి మీద జరిగిందో గుర్తుందా? రమీజాబీ మీద. ఆమె ఎట్లాంటిది, ఆమెకు నిజంగా పెళ్ళయిందా, ఎన్ని పెళ్ళిళ్ళయ్యాయి. ఒక స్త్రీ, ఒక ముస్లిం, ఒక రిక్షా కార్మికుడి భార్య. మూడు రకాలుగా ఆమె మాట చెల్లలేదు. మా పెద్దలు కూడా ఆ మూడో రోజు నుంచి సమాజం పరువు గురించే మాట్లాడారు గానీ ఆమె బతుకు గురించి మాట్లాడినవాళ్ళు తక్కువ. ఆ సిగ్గు మాది. ఇక్కడ రాసిపెట్టాల్సిందే.

అప్పుడు ప్రత్యేక చట్టాలు లేవు. తర్వాత వచ్చాయి. 1985లో టాడా వచ్చింది, 1995లో గడువు తీరి పోయింది. దాని కింద 70 వేలమందికి పైగా అరెస్టయ్యారు. శిక్ష పడింది నూటికి ఇద్దరికి కూడా కాదు. మిగిలినవాళ్ళు బయటికి వచ్చారు కదా అంటారు. ఎప్పుడు వచ్చారు? గుల్బర్గాలో ఫార్మసీ చదివే ఒక కుర్రాడిని 1994 జనవరిలో హైదరాబాదు పోలీసులు పట్టుకొచ్చారు, రైళ్ళలో బాంబుల కేసులో. కేసుకు బలం పోలీసుల ముందు ఇచ్చాడన్న ఒప్పుకోలు. అది చెల్లదని 2016 మేలో సుప్రీంకోర్టు అతన్ని వదిలేసింది. 22 ఏళ్ళ పైన. పరీక్ష రాయడానికి తయారవుతున్నవాడు జుట్టు నెరిసి ఇంటికొచ్చాడు. టాడా పోయి 2002లో పోటా వచ్చింది, 2004లో అదీ పోయింది. దాని కోరలు మాత్రం పోలేదు, ఊపా చట్టంలో మొలిచాయి. 2008 సవరణ తర్వాత ఆ చట్టం కింద పట్టుకుంటే ఛార్జిషీటుకు 180 రోజుల దాకా గడువు. పోలీసు కాగితాలు పైకి నిజమనిపిస్తే చాలు, బెయిలు ఇవ్వకూడదు. అంటే విచారణ మొదలు కాకముందే శిక్ష మొదలవుతుంది. చివర్లో నిర్దోషి అన్న తీర్పు వస్తే, ఆ తీర్పు ఆ మనిషికి ఏం తిరిగి ఇస్తుంది? వకీలు ఫీజుకు అమ్మిన రెండెకరాలా? పెళ్ళి ఆగిపోయిన చెల్లెలి వయసా? ప్రతి వాయిదాకూ బస్సెక్కి వెళ్ళి జైలు గేటు ముందు నిలబడిన అమ్మీ కాళ్ళ నొప్పులా?

లెక్కలు కావాలా? మేం తయారుచేసినవి వద్దు, సర్కారువే తీసుకోండి. 2011 జనాభా లెక్కల్లో ఈ దేశంలో మేం నూటికి 14 మందిమి. 2015 ముగిసేనాటికి జాతీయ నేర నమోదు సంస్థ లెక్కలో విచారణ ఖైదీల్లో ముస్లింలు దాదాపు 21 శాతం. శిక్ష పడినవాళ్ళలో దాదాపు 16 శాతం. ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. అనుమానం మీద లోపల పెట్టేటప్పుడు మా వాటా ఎక్కువ, రుజువు దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది. ఆ తేడా ఐదు శాతం అంటే వేల ఇళ్ళు. 2019లో కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ సంస్థలు పోలీసుల్నే అడిగి ఒక అధ్యయనం చేశాయి. ముస్లింలకు సహజంగానే నేర స్వభావం ఉంటుందని, కొంత మేరకో చాలా మేరకో, సగం మంది పోలీసులు అన్నారు. చెట్టు కింద ఎదురుచూసిన సైదులుకూ లోపల బల్ల మీద కూర్చున్న సైదులుకూ మధ్య తేడా ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసిందా?

ఇక్కడ మీరు ఇంకొక మాట అంటారు. ఇది పేదవాళ్ళందరికీ జరుగుతున్నది కదా, మళ్ళీ ముస్లిం అని విడదీయడం ఎందుకు? నిజమే, అందరికీ జరుగుతోంది. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితులను నరికి చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అక్కడా 8 మందిని ఎవరూ చంపలేదు. 2021 జూన్‌లో మా పాత నల్లగొండ జిల్లాలోనే, అడ్డగూడూరు పోలీస్ స్టేషన్‌లో, దొంగతనం మోపి ఒక దళిత స్త్రీని చావగొట్టారు. 2023లో మెదక్‌లో ఒక ముస్లిం కూలీని గొలుసు దొంగతనం కేసులో పట్టుకుపోయారు. సీసీ కెమెరాలో కనపడ్డ దొంగ పోలికలు ఇతనికున్నాయన్నారు. కొట్టారు, అతను కాదని వదిలేశారు. కొద్దిరోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. అడ్డగూడూరు తల్లీ, మెదక్ కూలీ మాకు ఒకే ఇంటి చావులు. మేం విడదీయడం లేదు.

కానీ పేదవాడు అని మీరనేటప్పుడు మా పేరు చెరిపేయకండి. దళితుడిని పట్టుకున్నప్పుడు దొంగ అంటారు, ఆదివాసీని పట్టుకున్నప్పుడు నక్సలైటు అంటారు, మమ్మల్ని పట్టుకున్నప్పుడు దేశద్రోహి అంటారు. దొంగతనానికి శిక్షాకాలం ఉంటుంది. దేశద్రోహానికి ఉండదు. నిర్దోషిగా వచ్చినా అది ఇంటి మీద ఉంటుంది, పిల్లల బడిలో ఉంటుంది, బ్యాంకు అప్పు దగ్గర ఉంటుంది. మమ్మల్ని పట్టుకున్నవాడు పేరు చూసి పట్టుకున్నాడు. మా తరఫున మాట్లాడేవాళ్ళు ఆ పేరు పలకడానికి మొహమాటపడితే ఎట్లా? మీ కరపత్రాల్లో మేం 'అమాయక యువకులు' అవుతాం, 'కొందరు పౌరులు' అవుతాం. మాకు అమాయకత్వం అక్కర్లేదు. అమాయకుడు కానివాడికి కూడా చట్టం కావాలి. తెలివిగలవాడికి, నోరున్నవాడికి, సర్కారును తిట్టేవాడికి కూడా కావాలి.

ఇక మా ఇంటి సంగతి. 2019 డిసెంబర్ 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ కేసు నిందితులు నలుగురినీ పోలీసులు కాల్చి చంపారు. పాలమూరు పల్లెల నుంచి లారీల పనికి వచ్చినవాళ్ళు. జనం పోలీసుల మీద పూలు చల్లారు. ఆలేరును ఖండించిన మాలో కూడా ఆ రోజు సెబాష్ అన్నవాళ్ళున్నారు. మాకూ ఆడపిల్లలున్నారు, ఆ అమ్మాయికి జరిగింది తలుచుకుంటే కడుపు మండింది, నిజం. అయితే ఆ నలుగురిలో ఒకడిది ముస్లిం పేరు. ముందు రోజుల్లో నేరమంతా ఆ ఒక్క పేరు మీదికే తోయాలని చూసినవాళ్ళు ఉన్నారు. అందుకే మాలో కొందరు మరీ గట్టిగా చప్పట్లు కొట్టారు, మేం వాడివైపు కాదని నిరూపించుకోవడానికి. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో చెప్పింది ఏమిటి? పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని, వాళ్ళ కథ నమ్మదగింది కాదని, నలుగురిలో ముగ్గురు మైనర్లని, పది మంది పోలీసుల మీద హత్యానేరం విచారించాలని. చటాన్‌పల్లికి చప్పట్లు కొట్టిన చేయి ఆలేరు కోసం పిటిషను రాయలేదు. మేం ఈ పాఠం ఆలస్యంగా నేర్చుకున్నాం. మీరూ నేర్చుకోండి.

మాకు నాయకులు లేరని కాదు. ఎన్నికలకు ముందు ఇఫ్తారుకొస్తారు, టోపీ పెట్టుకుని ఫొటో దిగుతారు. పిల్లవాడిని పట్టుకుపోయిన రాత్రి మాత్రం ఫోనెత్తరు. మసీదు పెద్దలు, నోరు మూసుకుని ఉండండి, అల్లా చూసుకుంటాడు అంటారు. అల్లా చూస్తాడు, మాకు ఇమాన్ ఉంది. కానీ పంచనామా మీద సంతకం పెట్టించుకునేది ఎస్సై. దాని నకలు అడిగే హక్కు మనకుందని మా పిల్లలకు ఎవరూ చెప్పలేదు. 1996 డిసెంబరులో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాటలు, అరెస్టు చేసేవాడి పేరు కనపడాలి, అరెస్టు కాగితం మీద సాక్షి సంతకం ఉండాలి, ఇంటివాళ్ళకు కబురు పోవాలి, 48 గంటలకోసారి డాక్టరు చూడాలి, ఇవి జుమ్మా రోజు ఖుత్బా తర్వాత ఎందుకు చదవకూడదు? వజూ ఎట్లా చేయాలో నేర్పే చోట రిమాండు అంటే ఏమిటో నేర్పితే పాపమా?

మేం అడిగేవి కొత్తవి కాదు, గొంతెమ్మ కోరికలూ కాదు. హింసకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీద 1997లో ఈ దేశం సంతకం పెట్టింది. దాన్ని ఈ రోజుకూ ఖాయం చేయలేదు. ఖాయం చేసి, ఠాణాలో చేయి విరగ్గొట్టినవాడిని శిక్షించే చట్టం తెండి. 1979లో పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలో చేరినప్పుడు, అక్రమంగా నిర్బంధించినవాళ్ళకు పరిహారం హక్కుగా ఇవ్వలేమని మినహాయింపు పెట్టుకుంది. ఆ మినహాయింపు తీసేయండి. తప్పుడు కేసుల్లో ఏళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకు చట్టబద్ధంగా పరిహారం ఇవ్వాలని 2018 ఆగస్టులో లా కమిషన్ తన 277వ నివేదికలో చెప్పింది. దాన్ని బీరువాలోంచి తీయండి. ప్రతి పోలీస్ స్టేషన్‌లో కెమెరాలు పెట్టాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. సరిగ్గా కొట్టిన రోజునే ఆ కెమెరా ఎందుకు చెడిపోతుందో జవాబు చెప్పే బాధ్యత ఒక అధికారి మీద పెట్టండి. ఎన్‌కౌంటర్ చేసినవాడి నేరాన్ని అతని డిపార్టుమెంటే దర్యాప్తు చేసే పద్ధతి ఆపండి. పోలీసు ఉద్యోగాల్లో మా పిల్లలకు చోటివ్వండి. ఠాణాలో ఇంకొక షేక్ ఉద్యోగిగా ఉంటే, షేక్ అన్న మాట విని అందరి నవ్వూ ఒకేసారి ఆగిపోదు.

ఇవన్నీ వచ్చినా అన్యాయం పూర్తిగా పోతుందని మేం నమ్మడం లేదు. చట్టాన్ని మోసేది మనుషులు. అందుకే చివరిగా ఆ ఇద్దరు సైదుల దగ్గరికే వస్తాం.

ఆ రోజు నుంచి మా సైదులు ఆధార్ కార్డు జేబులో లేకుండా గడప దాటడు. కార్డు చూపిస్తే రక్షణ అనుకుంటాడు పిచ్చివాడు. షేక్ అన్న మాట రాసి ఉన్నది ఆ కార్డు మీదే. గొల్ల ఇంటి సైదులు ఇప్పటికీ వాడి దోస్తే. ఉర్సుకు కలిసే పోతారు. ఆ రోజు సంగతి ఎత్తితే అతను తల దించుకుంటాడు. నేనేం చేయగలను అన్నా, పొద్దుగూకేదాకా బయటే ఉన్నా కదా, అంటాడు. ఉన్నాడు. అన్నం తినకుండా ఉన్నాడు. ఆ ప్రేమను మేం తక్కువ చేయం. ఈ దేశంలో మా వైపు ఉన్న చాలామంది మంచివాళ్ళు అతనిలాగే ఉన్నారు. మా కోసం బాధపడుతూ, ఆకలితో, చెట్టు కింద.

మేం అడిగేది ఇంకొక్క పది అడుగులు. ఆ మెట్లెక్కి లోపలికి రండి. "వీడూ నేనూ ఒకే బండి మీద వచ్చాం, ఒకే పేరు మాది, నన్ను వదిలి వీణ్ణి ఎందుకు కూర్చోబెట్టారో కాగితం మీద రాసివ్వండి" అని అడగండి. అడిగితే ఏమవుతుంది? బల్ల మీద ఇద్దరు సైదులు కూర్చుంటారు. అప్పుడు లోపలున్నాయన ఇద్దరికీ జవాబు చెప్పాల్సి వస్తుంది.